వెంట్రుక చివర తెల్ల గింజ

అక్టోబర్ 14, సోమవారం

అరవై ఏడు. దువ్వెనలో నలభై, దిండు మీద పదకొండు, మిగతావి బాత్రూమ్ జాలీలో.

అక్టోబర్ 15

నూట నాలుగు. తలస్నానం చేసిన రోజు కదా, అందుకే.

అక్టోబర్ 18, శుక్రవారం

ఇది మా ఆయన ప్రసాద్ కంపెనీ వాళ్లు జనవరిలో ఇచ్చిన డైరీ. ఇన్ని నెలలూ బీరువా మీద ఖాళీగా పడి ఉంది. ఎవరికీ చెప్పలేనివి రాసుకోవడానికి పనికొస్తోంది. ప్రసాద్ చందనవెల్లికి పొద్దున షిఫ్టుకు పోయాడు. అత్తమ్మ వాకిట్లో పాపకు నూనె రాస్తోంది. రోజు మొత్తంలో నాకు దొరికేది ఈ అరగంటే.

పాపకు మూడున్నర నెలలు. నేను మొయినాబాద్ స్కూల్ మానేసి ఆరు నెలలు. కడుపుతో ఉన్నప్పుడు నా జడ చూసి స్టాఫ్ రూమ్‌లో అందరూ అడిగేవాళ్లు, "ఏం నూనె వెడుతున్నవ్ కృపా?" అని. నా జుట్టు అంత ఒత్తుగా అంతకుముందు ఎప్పుడూ లేదు. ఒక్క వెంట్రుక రాలేది కాదు. ఇప్పుడు జడ అల్లితే చివర్న రబ్బరు బ్యాండు నాలుగు చుట్లు తిప్పినా జారిపోతోంది.

ఇవాళ ఒక వెంట్రుకను కిటికీ వెలుతురులో పట్టుకుని చూశాను. దాని చివర చిన్న తెల్ల గింజ ఉంది. ఇంకోటి చూశాను, దానికీ ఉంది. పది చూశాను. పదింటికీ ఉంది. అంటే వేరుతో సహా వచ్చేస్తున్నాయి. వేరు ఊడిన మొక్క మళ్లీ మొలవదని మూడో తరగతి పిల్లలకు నేనే పాఠం చెప్పాను.

భయపడాల్సింది ఏమీ లేదు. ఊరికే రాసుకుంటున్నాను.

అక్టోబర్ 22

నూట ముప్పై ఒకటి.

అక్టోబర్ 26, శనివారం

పాప భుజం మీద నా వెంట్రుక ఒకటి కనబడితే అత్తమ్మ తీసి పారేసింది.

"పిల్ల తల్లి మొకం గుర్తువట్టి నవ్వుడు షురూ చేస్తే గిట్లనే ఊడుతయి. అందరికీ ఉన్నదే" అన్నది.

ఆమె చూసింది ఒక్కటే. మిగతావన్నీ నేను దాస్తున్నాను. అత్తమ్మ తన చిక్కు వెంట్రుకలను ఉండ చుట్టి వంటింటి గూట్లో పెడుతుంది. సైకిల్ మీద వచ్చే ఆయనకు ఇచ్చి స్టీలు గిన్నెలు తీసుకుంటుంది. నావి కూడా అక్కడ పెడితే గూడు వారంలో నిండిపోతుంది. అప్పుడు అందరికీ తెలిసిపోతుంది. తెలిస్తే హైదరాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోతారు. నేను పోను.

సాయంత్రం పాప నన్ను చూసి నోరంతా తెరిచి నవ్వింది. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. ఎందుకు తిప్పుకున్నానో రాయను.

నవంబర్ 3, ఆదివారం

చర్చిలో ముసుగు వేసుకుంటాం కాబట్టి ఎవరికీ కనబడలేదు. పాస్టర్ గారు ఏం చెప్పారో ఒక్క మాట గుర్తు లేదు. ముసుగు తీసేటప్పుడు దానికి అంటుకుని ఎన్ని వస్తాయా అన్న ధ్యాసే.

నవంబర్ 7, గురువారం

శకుంతల చిన్నమ్మ సంగతి రాయకూడదనుకున్నాను. రాస్తేనన్నా తలలోంచి పోతుందేమో.

అప్పుడు నాకు పదేళ్లు. సురంగల్‌లో మా ఇంట్లోనే ఉండేది చిన్నమ్మ. ఆమె జడ మోకాళ్ల దాకా ఉండేది. ఒకరోజు వరండాలో కూర్చుని, "జర దువ్వు బిడ్డా" అని నాకు దువ్వెన ఇచ్చింది. నేను పైనుంచి కిందికి ఒక్కసారి లాగాను. దువ్వెనతోపాటు దోసెడు జుట్టు నా చేతిలోకి వచ్చింది. నేను అరిచాను. చిన్నమ్మ అరవలేదు. "గట్టిగ దువ్వలేదు లే, నీ తప్పేం లేదు" అన్నది. తర్వాత పెద్ద దవాఖానకు పోయింది. క్రిస్మస్‌కు లేదు.

ఆమె కొడుక్కి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. తల్లి ముఖం వాడికి గుర్తే లేదు.

రాసినా పోలేదు.

నవంబర్ 9, శనివారం

నూట యాభై దాటాక లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెట్టాను.

మంచం మీద పోగు చేసుకుని కూర్చున్నప్పుడు ప్రసాద్ తలుపు తీశాడు. షిఫ్టు తొందరగా అయిపోయిందట. ఏం చేయాలో తోచక ఆ కుప్పను పక్కనున్న పాప గులాబీ రంగు సాక్సులోకి కుక్కాను. "ఏం చేస్తున్నవ్?" అని అడిగాడు. "బట్టలు మడతపెడుతున్న" అన్నాను. ఆయన స్నానానికి పోయాక బయటికి తీసి కవర్లో వేసి కట్టేశాను. సాక్సు దులిపి జతచేసి పాప బట్టల సంచిలో పెట్టాను.

ప్రసాద్ మంచివాడు. చెప్తే వింటాడు. వింటాడు, కానీ వెంటనే ఫికర్ చేసి బండి తీస్తాడు. ఆ దవాఖాన గేటు నాకు ఇంకా గుర్తే.

నవంబర్ 12, మంగళవారం

పాప బాగానే ఉంది. పాప బాగానే ఉంది.

నవంబర్ 13, బుధవారం

నిన్న చేయి ఆడలేదు. ఇవాళ వరుసగా రాస్తాను.

నిన్న పొద్దున అత్తమ్మ కాళ్లు చాపుకుని, పాపను కాళ్ల మీద వేసుకుని స్నానం పోసింది. చలి మొదలైందని సాక్సులు తొడిగింది. గులాబీ రంగువి. పాప పాలు తాగి పడుకుంది. పదకొండింటికి లేచి ఏడుపు మొదలుపెట్టింది. ఆకలి ఏడుపు నాకు తెలుసు, నిద్ర ఏడుపు తెలుసు. ఇది వేరే. ఊపిరి ఆగేదాకా ఒక్క కేక, కాసేపు నిశ్శబ్దం, మళ్లీ కేక. రొమ్ము పట్టలేదు. ఎత్తుకుంటే కాళ్లు కడుపులోకి ముడుచుకుంటోంది.

ఊళ్లో ఆర్‌ఎంపీ ఆయన పొట్ట నొక్కి చూసి, గ్యాస్ పట్టిందని చుక్కల మందు ఇచ్చాడు. మందు కక్కేసింది. ఒంటిగంట అయ్యేసరికి పాప గొంతు బొంగురుపోయింది. ఇక ఏడవడానికి కూడా శక్తి లేనట్టు మూలిగింది. నాకు ఆ మూలుగుకే ఎక్కువ భయం వేసింది.

ప్రసాద్‌కు ఫోన్ చేశాను. "చేవెళ్లకు తీసుకరా. నేను ఇటు నుంచి బండి మీద వస్త" అన్నాడు.

షేర్ ఆటోలో అత్తమ్మ ఒక చేత్తో పాప తల పట్టుకుని, "యేసయ్యా, యేసయ్యా" అంటూనే ఉంది. ఎదురుగా కూర్చున్న ఆమె, దిష్టి తగిలిందేమో చూడమంది. నాకు మాత్రం కారణం తెలిసిపోయిందనిపించింది. నాలో ఏ రోగం ఉందో అది పాలల్లోంచి పాపకు పోయింది. నేను ఎవరికీ చెప్పకుండా నెల రోజులు పాలిచ్చాను. రోడ్డు పొడవునా అదే అనుకున్నాను.

పిల్లల డాక్టర్ పేరు శిరీష. మా మాటలు సగం వినకముందే, "బట్టలన్నీ విప్పండి" అన్నది.

"చలి వెడుతదేమో మేడం" అన్నది అత్తమ్మ.

"ఏడుపు ఆపని పిల్లను మేం ముందుగాల తల నుంచి కాలి దాకా చూస్తమమ్మా. విప్పండి."

గౌను విప్పాం. డైపర్ విప్పాం. కుడి కాలి సాక్సు విప్పాం. ఎడమ కాలిది విప్పబోతే పాప కేక పెట్టింది. డాక్టరే మెల్లగా లాగింది.

రెండో వేలు పక్క వేళ్లకంటే రెండింతలు ఉబ్బి నేరేడు పండు రంగులో ఉంది. వేలి మొదల్లో దారంతో బిగించి కట్టినట్టు లోతుగా గీత.

డాక్టర్ లైటున్న భూతద్దం దించింది. "ఎంటిక. చుట్టుకుని లోపలికి దిగింది. సాక్సుల ఉన్నట్టున్నది" అన్నది.

ప్రసాద్ అప్పుడే వచ్చాడు. హెల్మెట్ తీయకుండా నిలబడ్డాడు. పాప కాలు కదలకుండా నర్సు, నేను పట్టుకున్నాం. డాక్టర్ సూదిలాంటి కొక్కెంతో గీతలోంచి ఒక పోగు లేపి సన్నటి కత్తెరతో తెంపింది. ఇంకోటి తెంపింది. "ఇంకొక్కటున్నది, కదలనియ్యకండి" అన్నది. ఆ మూడోది దొరకడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. నేను భూతద్దంలోకే చూస్తున్నాను. పట్టకారుకు వేలాడుతూ బయటికి వచ్చింది, పొడుగ్గా, నల్లగా, తళతళలాడుతూ.

కాసేపటికి వేలు రంగు మారడం మొదలైంది. నేరేడు రంగు ఎరుపుకు దిగింది. పాప ఏడుపు ఆపి ఎక్కిళ్లు పెట్టింది. నేను రొమ్ముకు పట్టుకున్నాను. తాగింది.

"ఇంకా లేటయితే ఏమయ్యేది మేడం?" అని ప్రసాద్ అడిగాడు.

"వేలు పోయేది. టైంకు వచ్చిన్రు. ఎల్లుండి ఒకసారి చూపియ్యండి, లోపల పోగేమన్న మిగిలిందేమో చూడాలె."

బయట వరండాలోకి రాగానే ప్రసాద్ అత్తమ్మ మీద విరుచుకుపడ్డాడు.

"గూట్ల ఎంటికలు కుప్పవెట్టకని ఎన్నిసార్లు చెప్పిన? నాలుగు గిన్నెల కోసం దాస్తవ్. గవే చేతులతోని పిల్లను ముట్టుకుంటవ్. సాక్సులు తొడిగినప్పుడు లోపల చూడొద్దా?"

"కడుక్కునే పట్టుకుంట బిడ్డా" అన్నది అత్తమ్మ. మళ్లీ, "కడుక్కునే పట్టుకుంట" అన్నది. యాభై రెండేళ్లొచ్చినా ఆమె జుట్టు నల్లగానే ఉంటుంది.

నేను పాపకు పాలిస్తున్నాను. పాలిచ్చేటప్పుడు మధ్యలో మాట్లాడితే పాప ఉలిక్కిపడుతుంది.

ఆ సాక్సు శనివారమే దులిపాను. బాగా దులిపాను.

నవంబర్ 14, గురువారం

చేవెళ్ల పోయి వచ్చాను. అత్తమ్మ రానన్నది, "నువ్వే పో బిడ్డా" అన్నది. ప్రసాద్‌కు షిఫ్టు. పాపను ఎత్తుకుని ఒక్కదాన్నే పోయాను.

వేలు బాగుంది. లోపల ఏమీ మిగల్లేదు. గీత మానుతోంది. డాక్టర్ చీటీ రాస్తుంటే నేను లేవలేదు.

"ఇంకేమన్న అడగాల్నా?" అన్నది.

ముసుగు తీశాను. ఇన్నాళ్లూ ఎవరికీ చూపించనిది, ఆమెకు చూపించాను. "రోజుకు నూట యాభై పైన ఊడుతున్నయి మేడం. వేర్లతోని వస్తున్నయి. నేను పాలిచ్చుడు ఆపాల్నా? నేను సచ్చిపోతనా?"

ఆమె నవ్వలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని నా పాపిట చూసింది. నేను కవర్లో తెచ్చిన వెంట్రుకలు కొన్ని తెల్ల కాగితం మీద పరిచింది.

"నువ్వు టీచర్‌వు అన్నవ్ కదా, విను. తల మీద ఒక్కొక్క ఎంటికది ఒక్కొక్క వయసు. రెండు మూడేండ్లు, కొన్ని ఇంకా ఎక్కువ, పెరుగుతనే ఉంటది. తర్వాత పెరుగుడు ఆపేస్తది. ఆపినంక వెంటనే రాలదు. రెండు మూడు నెలలు ఊరికే కుదుట్ల నిలబడి ఉంటది. ఆ తర్వాత రాలిపోతది, అదే కుదుట్ల కొత్తది లేస్తది. అన్నీ ఒకటేసారి ఆగవు కాబట్టి మామూలుగ మనకు తెల్వదు. రోజూ యాభై, వంద అట్ల పోతనే ఉంటయి."

"మరి నాకు?"

"కడుపుతో ఉన్నప్పుడు జడ ఒత్తుగ అయిందా?"

"అయింది."

"రాలాల్సినవి రాలలేదు, అందుకే ఒత్తుగ అయింది. ఒంట్ల ఉన్న హార్మోన్లు వాటిని పట్టి ఉంచినయి. కాన్పు అయినంక ఆ పట్టు పోయింది. అన్నీ ఒక్కపారి ఆగినయి. ఇవాళ నీ దువ్వెనల వచ్చిన ఎంటిక ఇవాళ చెడిపోలేదు. కాన్పు అయినప్పుడే దాని పని అయిపోయింది. నువ్వు ఇప్పుడు చూస్తున్నవ్, అంతే."

నేను తెల్ల గింజ చూపించాను. ఆమె భూతద్దం నా చేతికి ఇచ్చింది.

"ఇది వేరు కాదు. పెరుగుడు ఆగిన ఎంటిక కొస గిట్లనే గుండ్రంగ తెల్లగ అయితది. కుదురు లోపల్నే ఉన్నది, ఎటూ పోలేదు. ఈ గింజ ఉన్నదంటే టైం అయిపోయి రాలిందని అర్థం."

చిన్నమ్మ సంగతి చెప్పాను. జుట్టు ఊడింది, తర్వాత చనిపోయింది అని.

"ఆమెకు జుట్టు ఊడకముందే రోగం ఉన్నది. క్యాన్సర్ మందు ఎక్కిచ్చినరేమో కనుక్కో. ఆ మందు పెరిగే ఎంటికలనే ఆపేస్తది. అది వేరు, ఇది వేరు. నీకు రక్తం, థైరాయిడ్ చూద్దాం, ఎందుకైనా మంచిది. పాలు మాత్రం ఆపకు."

ఆటోలోంచి మా అమ్మకు ఫోన్ చేశాను. చిన్నమ్మకు ఎప్పుడు ఊడింది, దవాఖానకు పోకముందా, పోయినంకనా అని అడిగాను. అమ్మ, "మూడోసారి సూది వేయించుకొని వచ్చినంక బిడ్డా. నీకు గప్పుడు చెప్పలేదు" అన్నది.

పద్దెనిమిదేళ్లుగా నేను తలకిందులుగా గుర్తుపెట్టుకున్నాను.

భయం తగ్గాలి కదా. తగ్గలేదు. వేరే చోటికి జరిగింది.

నవంబర్ 17, ఆదివారం

అత్తమ్మ గూడు ఖాళీ చేసింది. అక్కడున్న చిక్కు వెంట్రుకలన్నీ పెంటకుప్ప దగ్గర కాల్చేసింది. తలకు పాత తువ్వాల గట్టిగా చుట్టుకుని తిరుగుతోంది, పొలం పనికి పోయేటప్పుడు కట్టుకున్నట్టు. ఇంట్లో కూడా తీయడం లేదు.

పాపకు స్నానం పోయమంటే, "నువ్వే పొయ్యి బిడ్డా, నాకు కండ్లు సరిగ అవుపడ్తలేవు" అన్నది. బియ్యంలో రాళ్లు మాత్రం రోజూ ఆమే ఏరుతోంది.

నవంబర్ 19

రక్తం కొంచెం తక్కువ ఉందట, మాత్రలు ఇచ్చారు. థైరాయిడ్ బాగుంది.

పాప అత్తమ్మను చూసి చేతులు ఊపింది. అత్తమ్మ గుమ్మం దగ్గరే ఆగి, "అమ్మ దగ్గరుండు, బంగారం" అని దూరం నుంచే అన్నది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

నవంబర్ 20

చెప్పాల్సిన అవసరం లేదు. వేలు మామూలుగా అయిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు.

నవంబర్ 21

నేను దులిపాను. దులిపానని శనివారం రోజునే రాశాను కూడా. వెనక్కి తిప్పి చూశాను, రాసి ఉంది.

నవంబర్ 22, శుక్రవారం

అత్తమ్మ వాళ్ల అక్క దగ్గరికి పోతుందట. చామంతి కోత ఉంది, కూలీలు దొరకడం లేదట. ఎన్ని రోజులని అడిగితే, "చూద్దాం తీ" అన్నది. ఆదివారం ప్రార్థన అయినంక ప్రసాద్ దింపి వస్తాడట. ప్రసాద్ సరే అన్నాడు. వేలు సంగతి అయినప్పటి నుంచి వాళ్లిద్దరూ అన్నం పెట్టు, నీళ్లియ్యి తప్ప మాట్లాడుకోవడం లేదు.

ఆమె పోతే ఎవరూ ఏమీ అడగరు. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. ఈ వాక్యం నేనే రాశాను. చదువుకుంటే నాకే భయం వేసింది.

నవంబర్ 24, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి పన్నెండయింది. అత్తమ్మ అన్నం తినకుండానే సంచి సర్దుకుంది. రెండు చీరలు, బైబిలు, కళ్లజోడు. ప్రసాద్ బండి స్టార్ట్ చేసి వాకిట్లో నిలబడ్డాడు. అత్తమ్మ పాప దగ్గరికి రాలేదు. గడప అవతలి నుంచే, "పోయొస్త" అన్నది.

నేను పాపను ఎత్తుకుని వాకిట్లోకి వచ్చాను.

"అత్తమ్మా, ఆ ఎంటిక నాది" అన్నాను.

"ఎవలదైతే ఏంది, అయిపోయింది గద" అన్నాడు ప్రసాద్. బండి ఇంజిన్ చప్పుడులో సగం వినబడలేదేమో.

"బండి ఆపు" అన్నాను. ఆపాడు.

"ఊడిన ఎంటికలన్నీ దాచిపెట్టుకుంటున్న. నువ్వొచ్చినవని ఆ సాక్సుల కుక్కిన. తర్వాత తీసిన. అత్తమ్మకు ఏం తెల్వదు. ఆమె ఉతికిన సాక్సులనే అనుకొని తొడిగింది."

"తీసినంక దులిపినవా?" అని అత్తమ్మ అడిగింది. గట్టిగా కూడా అడగలేదు.

దులిపాను అనబోయాను. నోటిదాకా వచ్చింది.

"దులపలే. బాత్‌రూమ్‌ల నీళ్లు బందయినట్టు చప్పుడైంది. తొందరల ఉండ ఒక్కటి గుంజి సాక్సు మడిచి పెట్టిన. లోపల చెయ్యి కూడ పెట్టలే."

ప్రసాద్ బండి స్టాండ్ వేశాడు. "దవాఖానల అమ్మను అన్ని మాటలంటుంటే పక్కనే కూసున్నవ్" అన్నాడు. "పన్నెండు రోజులు. పన్నెండు రోజుల సంది చూస్తున్నవ్ కృపా."

"భయమైంది."

"నేను కొడ్తనా, తిడ్తనా? దేనికి భయం?"

"సచ్చిపోత అనుకున్న. చిన్నమ్మ లెక్క. పాపకు నా మొకం గుర్తుండదనుకున్న." పాప నా ముఖం చూసి ఏడవబోతున్నట్టు పెదవి ముడిచింది.

ప్రసాద్ బండికి తగిలించిన సంచి తీశాడు. దాన్ని పట్టుకుని వాళ్లమ్మ ముందుకు పోయి నిలబడ్డాడు. "అమ్మా" అన్నాడు. తల వంచుకున్నాడు.

"సంచి లోపల వెట్టుపో" అన్నది అత్తమ్మ.

ఆమె నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు. నా వైపు చూడలేదు. నల్లా దగ్గరికి పోయింది. సబ్బు తీసుకుని మోచేతుల దాకా రుద్దుకుంది, రెండుసార్లు కడుక్కుంది, కొంగుతో తుడుచుకుంది. వచ్చి అరుగు మీద కూర్చుని చేతులు చాపింది.

"ఇటియ్యి పిల్లను."

ఇచ్చాను. ఆమె చేతులు వణికాయి. ఈ ఇంట్లో భయపడుతున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను ఇన్నాళ్లూ. పాపకు ఆ వణుకు తెలియదు. ఒళ్లో పడగానే కాళ్లు కొట్టుకుంటూ కిలకిలమని నవ్వింది, అత్తమ్మ తలకున్న తువ్వాల కొసను పట్టి లాగింది. ముడి ఊడి అత్తమ్మ జుట్టంతా జారింది. పాప రెండు పిడికిళ్ల నిండా పట్టుకుంది.

ముగ్గురం ఒక్కసారే వంగాం. ప్రసాద్ సంచి కింద పడేశాడు.

"ఆగున్రి, బెదరగొట్టకున్రి" అన్నది అత్తమ్మ. పాప పిడికిలి మెల్లగా విప్పింది. ఒక్కో వేలు పట్టుకుని ఎండలోకి తిప్పి చూసింది. ఐదూ చూసింది. ఆ తర్వాత రెండో చెయ్యి తీసుకుంది.